లీటరు నూనె కిలో ఎందుకు తూగదు? వంటింటి కాటాతో సాంద్రత కొలవడం ఎలా?

గానుగ దగ్గర నువ్వుల నూనె కిలోల లెక్కన ఇస్తారు, దుకాణంలో ప్యాకెట్లు లీటర్ల లెక్కన అమ్ముతారు. ఓసారి మా అత్తయ్య లీటరు ప్యాకెట్టు తెచ్చి కాటా మీద పెట్టి, "తొమ్మిది వందల చిల్లరే ఉంది, దాదాపు వంద గ్రాములు నొక్కేశారు" అని గొడవకు బయల్దేరింది. ప్యాకెట్టు తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో "910 గ్రా." అని అచ్చు వేసే ఉంది. ఎవరూ ఏమీ నొక్కలేదు. లీటరు అంటే నూనె పట్టే చోటు, కిలో అంటే దాని బరువు. నూనె నీళ్లకంటే తేలిక కాబట్టి లీటరు చోటులో 910 గ్రాములే పడుతుంది. అంటే లీటరు 150 రూపాయలైతే కిలో సుమారు 165 పడ్డట్టు. గానుగ ధరతో పోల్చేటప్పుడు ఈ లెక్క వేసుకోవాలి.

బరువును అది పట్టిన చోటుతో భాగిస్తే వచ్చేదే సాంద్రత. బడిలో ద్రవ్యరాశి, ఘనపరిమాణం అని బట్టీ పట్టింది ఇదే. బరువు తూచడం తేలికే. ఇంట్లో కొలతలు తప్పేది ఎప్పుడూ ఘనపరిమాణం దగ్గరే: గ్లాసు మీద గీతలు సరిగ్గా ఉండవు, స్కేలు పెట్టి కొలుద్దామంటే రాయికి పొడవూ వెడల్పూ ఏవి? అందుకే నా పద్ధతి ఒక్కటే, ఘనపరిమాణాన్ని కూడా కాటాతోనే కొలవడం. ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము తూగుతాయి. 30 డిగ్రీల వేడిలో నీళ్ల సాంద్రత మిల్లీలీటరుకు 0.996 గ్రాములు, అంటే తేడా వెయ్యికి నాలుగు వంతులు. వంటింటి పనికి దాన్ని వదిలేయొచ్చు.

గ్రాము వరకు చూపించే డిజిటల్ కాటా, ఒక గిన్నె, కుట్టు దారం, సూది ఉంటే చాలు.

ముందు నూనె, పాలు

సన్నటి మూతి ఉన్న గాజు సీసా తీసుకోండి. వెడల్పు మూతి గ్లాసు వద్దు, అంచు దాకా నింపామో లేదో తేల్చడం కష్టం. ఖాళీ సీసా తూచండి. నీళ్లతో నిండా నింపి, బయట తుడిచి మళ్లీ తూచండి. తర్వాత దాన్ని బాగా ఆరబెట్టి, నూనెతో అంతే నిండుగా నింపి తూచండి. నా సీసా ఖాళీగా 182, నీళ్లతో 389, నూనెతో 371 గ్రాములు వచ్చింది. అంటే నీళ్లు 207, నూనె 189. భాగిస్తే 0.913. ప్యాకెట్టు చెప్పిన మాటకు దగ్గరగానే ఉంది. సీసా ఎన్ని మిల్లీలీటర్లదో తెలియక్కర్లేదు, నీళ్లే చెప్పేస్తాయి.

పాలకు ఇదే చేయబోతే ఇబ్బంది వస్తుంది. మంచి పాల సాంద్రత 1.030 అటూ ఇటూ. పదో వంతు నీళ్లు కలిపితే 1.027కు దిగుతుంది. నా చిన్న సీసాలో ఆ తేడా గ్రాము కూడా ఉండదు, కాటాకు అందదు. లీటరు సీసాలో అయితే మూడు గ్రాములు, అప్పుడు పట్టొచ్చు. పాల కేంద్రంలో వాడే లాక్టోమీటరు మీద 28, 30 అని ఉండే అంకెలు ఇవే. 30 అంటే 1.030. కానీ లాక్టోమీటరును కూడా బోల్తా కొట్టించొచ్చు. వెన్న నీళ్లకంటే తేలిక కాబట్టి వెన్న తీసేసిన పాల సాంద్రత ఇంకా పెరిగి 1.035 దాకా పోతుంది. అందులో కొలిచినట్టు నీళ్లు పోస్తే మళ్లీ 30కే వస్తుంది. అందుకే కేంద్రాల్లో వెన్న శాతం విడిగా చూస్తారు.

పెట్రోలు, డీజిల్ జోలికి మాత్రం ఇంట్లో పోకండి. దానికి బంకులోనే సాంద్రత చూపించే హైడ్రోమీటరు ఉంటుంది, అక్కడే అడిగి చూడండి.

మునిగే వస్తువులు

అసలు సరదా ఇక్కడే ఉంది. అల్లం దంచే మా చిన్న రోకలి నిజంగా గట్టి ఇత్తడేనా, లోపల ఏమైనా డొల్ల ఉందా అని ఎప్పటినుంచో అనుమానం. ఇలా చూశాను:

1. రోకలిని పొడిగా తూచాను. 412 గ్రాములు.
2. లోతైన గిన్నెలో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, సున్నా బటన్ నొక్కాను.
3. రోకలికి దారం కట్టి, చేత్తో పట్టుకుని నీళ్లలో పూర్తిగా ముంచాను. అడుగుకు, గోడలకు తగలనివ్వలేదు.
4. కాటా 49 దగ్గర నిలిచింది. రోకలి ఘనపరిమాణం 49 మిల్లీలీటర్లు.
5. 412ను 49తో భాగిస్తే 8.4.

ఇత్తడి 8.4 నుంచి 8.7 మధ్య ఉంటుంది. లోపల డొల్ల ఉంటే అంకె బాగా కిందికి జారేది. అనుమానం తీరింది.

రోకలిని మోస్తోంది నా చెయ్యి, మరి కాటా 49 ఎందుకు చూపించింది? నీళ్లు రోకలిని పైకి నెడతాయి. రోకలి అంతే బలంతో నీళ్లను కిందికి నొక్కుతుంది. ఆ నొక్కుడు అది తోసేసిన నీళ్ల బరువుకు సరిగ్గా సమానం. మిగతా 363 గ్రాములు దారం మీద పడతాయి. పొరపాటున రోకలి అడుగుకు ఆనిందా, ఆ బరువు కూడా కాటా మీదికి దిగిపోయి లెక్క మొత్తం తప్పుతుంది. మొదటిసారి నాకు అదే జరిగింది. అంకె ఒక్కసారిగా మూడు వందలు దాటేసరికి కాటా పాడైందనుకున్నాను.

వస్తువుకు అంటుకున్న గాలి బుడగలు కూడా దొంగ అంకెలు ఇస్తాయి. ముంచాక కాస్త ఆడించండి, లేదా నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేయండి. ఇంకోటి, కొన్ని కాటాలు నిమిషంలో వాటంతటవే ఆరిపోతాయి, కాబట్టి అంకె కనబడగానే రాసుకోండి.

ఇదే పద్ధతిలో వాకిట్లో దొరికిన కంకర రాయి 318 గ్రాములు తూగి, నీళ్లలో 119 చూపించింది. అంటే 2.67. హైదరాబాద్ చుట్టుపక్కల రాయి చాలావరకు గ్రానైటే, దానికి ఇది సరిపోయే అంకె. అల్యూమినియం కూడా 2.7 దగ్గరే ఉంటుంది. గిన్నెలు రాయికంటే తేలిక అనుకుంటాం గానీ అది రేకు పలచనవడం వల్లే. ఇనుము 7.9, రాగి 9, వెండి 10.5, సీసం 11.3.

తేలే వస్తువులు

వడ్రంగి పనిలో మిగిలిన టేకు ముక్క 61 గ్రాములు ఉంది. నీళ్ల మీద వదిలేస్తే కాటా 61 అనే చూపిస్తుంది, ఎందుకంటే తేలే వస్తువు తన బరువంత నీళ్లనే తోస్తుంది. సూది మొనతో అది పూర్తిగా మునిగేదాకా నొక్కితే 92కు చేరింది. 61ని 92తో భాగిస్తే 0.66. వేళ్లతో నొక్కకండి, వేళ్లు మునిగినంత మేరా లెక్కలో కలుస్తుంది. కర్ర నీళ్లు తాగకముందే పని ముగించాలి.

బియ్యం, పంచదార

ఒకప్పుడు సోల, మానిక అంటూ గింజల్ని చోటుతో కొలిచేవారు. గింజల మధ్య గాలి ఉంటుంది కాబట్టి ఇక్కడ రెండు సాంద్రతలు దొరుకుతాయి. 200 మిల్లీలీటర్ల గ్లాసులో బియ్యం మట్టంగా పోస్తే 164 గ్రాములు వచ్చింది, అంటే 0.82. ఆ గ్లాసునే కాటా మీద ఉంచి, సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పోస్తే 87 గ్రాములు పట్టింది. గ్లాసులో దాదాపు సగం గాలే! గింజలు ఆక్రమించింది 113 మిల్లీలీటర్లు. గింజ అసలు సాంద్రత 164ను 113తో భాగిస్తే 1.45. గ్లాసును నాలుగుసార్లు నేలకు తట్టి చూడండి, బియ్యం కిందికి దిగి ఇంకో గుప్పెడు పడుతుంది. కొలిచే చేతిని బట్టి మానిక మారేది ఇందుకే.

పంచదార, ఉప్పు నీళ్లలో కరిగిపోతాయి. వాటికి నూనె పోయండి. పట్టిన నూనె గ్రాముల్ని 0.91తో భాగిస్తే ఖాళీల ఘనపరిమాణం వస్తుంది. పంచదార గింజ 1.6కు, ఉప్పు 2.2కు దగ్గరగా రావాలి.

బంగారం సంగతి

అందరూ చివరికి అడిగేది ఇదే. మేలిమి బంగారం 19.3, 22 క్యారెట్లు సుమారు 17.8. ఎనిమిది గ్రాముల కాసు నీళ్లలో 0.45 గ్రాములే చూపిస్తుంది, వంటింటి కాటాకు అది సున్నా. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న కాటా కావాలి. దానితో కూడా బుడగలు అంటుకుంటే 22 క్యారెట్లు కాస్తా అంతకంటే తక్కువ అనిపిస్తుంది. రాళ్లు పొదిగినవి, లక్క నింపిన గుళ్లు, డొల్ల గాజులు ఈ పరీక్షకు పనికిరావు. పైగా టంగ్‌స్టన్ అనే లోహం 19.25, లోపల అది పెట్టి పైన బంగారం పూస్తే సాంద్రత నోరెత్తదు. అంకె తక్కువొస్తే అనుమానించండి, సరిపోయినా హాల్‌మార్క్ చూడకుండా కొనకండి.