గృహహింస కేసులో ఏ ఆఫీసు పని ఏది, కాగితం ఎక్కడ ఆగిపోతుంది: బాధితురాలికి తోడు వెళ్లేవారికి

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టం కింద బాధితురాలిని కాపాడే బాధ్యత పోలీసులది మాత్రమే కాదు. రక్షణాధికారి (ఈ చట్టం కింద జిల్లాలో బాధితురాలికి సాయం చేసే అధికారి), సఖి కేంద్రం, ప్రభుత్వాసుపత్రి, న్యాయ సేవాధికార సంస్థ, వసతి గృహం, మేజిస్ట్రేటు కోర్టు, ఇలా ప్రతి ఒక్కరికీ ఒక పని అప్పగించారు. అయినా బాధితురాలు మళ్లీ అదే ఇంట్లో దెబ్బలు తింటోందంటే, చాలాసార్లు ఒక ఆఫీసులో రాసిన కాగితం రెండో ఆఫీసుకి చేరకపోవడమే కారణం. అందుకే తోడు వెళ్లేవాళ్లు, అది అక్క అయినా, పొదుపు సంఘం లీడరైనా, అంగన్‌వాడీ టీచరైనా, అన్నిటికంటే ముందు ఆ కాగితాన్ని వెంటాడాలి.

ప్రాణం మీదికి వస్తే 112కి, మిగతా సమయాల్లో మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. బాధితురాలే చేయాలని లేదు. చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వొచ్చు; సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు పెట్టడానికి వీల్లేదు. పక్కింటివాళ్లు వెనకాడేది ఇక్కడే కాబట్టి ఈ ముక్క వాళ్లకి ముందే చెప్పండి. ఫోన్‌లో అత్యవసర సమాచారం అందితే రక్షణాధికారి పోలీసుల సాయం తీసుకుని సంఘటన జరిగిన చోటికే వెళ్లి వివరాలు రాసుకోవాలని 2006 నియమాలు చెబుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ, వార్డు సచివాలయంలోని మహిళా సంరక్షణ కార్యదర్శికి కూడా చెప్పండి, ఊళ్లో అందరికంటే దగ్గర్లో ఉండేది ఆవిడే.

ఒంటి మీద దెబ్బలుంటే ముందు ఆసుపత్రి

పోలీసు కాగితం లేదని, డీఐఆర్ (గృహహింస సంఘటన నివేదిక) లేదని వైద్యం నిరాకరించే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. డీఐఆర్ ఇంకా రాయకపోతే ఆసుపత్రి ఇన్‌ఛార్జే ఆ నివేదిక రాసే ఫారం 1 నింపి స్థానిక రక్షణాధికారికి పంపాలి. వైద్య పరీక్ష రిపోర్టు కాపీ బాధితురాలికి ఉచితంగా ఇవ్వాలి. ఈ రెండూ అడిగితేనే జరుగుతాయి, అడగకపోతే చీటీ రాసి పంపేస్తారు.

కేసు దెబ్బతినేది ఎక్కువగా ఓపీ చీటీ దగ్గరే. పక్కన భర్తో, అత్తగారో నిలబడి ఉంటే ఆమె నోట్లోంచి మాట రాదు; వాళ్లే ‘బాత్రూంలో జారిపడింది’ అంటారు, డాక్టరు అదే రాస్తారు. ఆర్నెల్ల తర్వాత అవతలి లాయరు కోర్టులో చూపించేది ఆ ఒక్క ముక్కనే. అందుకని డ్యూటీ నర్సుతో నెమ్మదిగా చెప్పి వాళ్లని బయటికి పంపించండి. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకి తెలియజేయాల్సిన గాయాల కేసుగా, నమోదు చేయమనండి. పాత గాయాలు, కొత్త గాయాలు విడివిడిగా, ఒంటి మీద ఎక్కడున్నాయో రాయించండి.

డీఐఆర్: ఈ కేసుకి వెన్నెముక

డీఐఆర్ అంటే గృహహింస సంఘటన నివేదిక. దీన్ని రక్షణాధికారి గానీ, రిజిస్టరైన సేవా సంస్థ గానీ ఫారం 1లో రాస్తారు. రక్షణాధికారి ఉండేది జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలో. అక్కడి గృహహింస విభాగాన్ని డీవీ సెల్ అంటారు. సఖి కేంద్రానికి వెళ్తే అక్కడి సిబ్బందే రక్షణాధికారితో కలుపుతారు.

హింసను ఫారంలో నాలుగు రకాలుగా విడగొట్టి అడుగుతారు: శారీరక, లైంగిక, మాటలతోనూ మానసికంగానూ పెట్టేది, ఆర్థిక. మనవాళ్లు మొదటిదొక్కటే చెప్పి ఊరుకుంటారు. జీతం ఏటీఎం కార్డు లాక్కోవడం, పుస్తెలతాడు తాకట్టు పెట్టడం, ఇంటి ఖర్చులకి డబ్బులివ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో హింసే. వాటిని రాయించకపోతే తర్వాత మనోవర్తి, స్త్రీధనం అడిగేటప్పుడు ఆధారం దొరకదు. ‘తాగొచ్చి రోజూ కొడతాడు’ అన్న వాక్యానికి కోర్టులో బలం తక్కువ. ‘వినాయక చవితి మర్నాడు రాత్రి, వంటింట్లో, చీపురు కర్రతో, ఎడమ మోచేతి మీద; పెద్ద పిల్ల చూసింది’ అని రాస్తే ఆ మాట నిలబడుతుంది. తేదీ గుర్తురాకపోతే పండగో, పిల్లల పరీక్షలో, ఊళ్లో జాతరో గుర్తు చేయండి.

అదే ఫారంలో ఇంకేం సాయం కావాలని అడిగే పట్టిక ఒకటి ఉంటుంది: కౌన్సెలరు, పోలీసు సాయం, క్రిమినల్ కేసు పెట్టడానికి సాయం, వసతి గృహం, వైద్యం, న్యాయ సహాయం. ఒక్కో గడి ఒక్కో శాఖకి తలుపు. ఖాళీ వదిలేస్తే ఆ శాఖకి కబురు వెళ్లదు కాబట్టి కావాల్సినవన్నీ నింపించండి. ఫారం 5లో భద్రతా ప్రణాళిక ఉంటుంది. ఆమె దేనికి భయపడుతోందో, కోర్టు నుంచి ఏ ఆర్డరు కావాలో అందులో రాస్తారు. అదీ రాయించండి.

డీఐఆర్ మేజిస్ట్రేటుకి వెళ్లాలి, కాపీ స్టేషన్‌కి వెళ్లాలి, ఒకటి బాధితురాలి చేతిలో ఉండాలి. రెండు మూడు రోజులయ్యాక స్టేషన్‌కి వెళ్లి, అందిందా, ఏ తేదీన అందిందని అడిగి రాసుకోండి. డీవీ సెల్ ఫైల్లోనే పడి ఉంటే, కోర్టుకి వెళ్లడానికి దానికోసం ఎదురుచూడక్కర్లేదు. డీఐఆర్ లేకపోయినా మేజిస్ట్రేటు ఆర్డరు ఇవ్వొచ్చని 2022లో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నేరుగా ఫారం 2లో మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేసేయండి.

సఖిలో ఐదు రోజులు, తర్వాత?

సఖి కేంద్రం, అంటే వన్ స్టాప్ సెంటర్, 24 గంటలూ తెరిచి ఉంటుంది. వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగ్, న్యాయ సలహా, తాత్కాలిక బస ఒకే చోట దొరుకుతాయి. బస మాత్రం మామూలుగా ఐదు రోజుల వరకే. ఆ తర్వాత శక్తి సదన్ లాంటి గృహానికి పంపాలి. అక్కడ చోటు, పిల్లల్ని వెంట ఉంచుకునే వీలు మొదటి రోజే కనుక్కోవాలి. ఐదో రోజు సాయంత్రం అడిగితే ‘పుట్టింటికి వెళ్లమ్మా’ అన్న జవాబే వస్తుంది. పుట్టింటివాళ్లు మళ్లీ అత్తింటికే పంపుతారు.

ఆమె అడిగితే వసతి గృహం ఆమె వివరాలు బయటపెట్టకూడదు. ఈ కోరికను రాతలో ఇవ్వండి, స్టేషన్‌లోనూ చెప్పండి. సర్దిచెప్పే ఉద్దేశంతోనే కానిస్టేబులు భర్తకి చోటు చెప్పేసే ప్రమాదం ఉంటుంది. ఆమె ఫోన్లో లొకేషన్ షేరింగ్ ఆపేసి, భర్తకి తెలిసిన పాస్‌వర్డులు అదే రోజు మార్చేయండి.

స్టేషన్‌లో వినిపించే మాటలు

‘డీవీసీ (గృహహింస చట్టం కింద కోర్టు కేసు) వేశారు కదా, ఎఫ్‌ఐఆర్ ఎందుకు?’ అంటారు. రెండూ వేర్వేరు దార్లు, రెండూ నడవొచ్చు. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వాన్ని నేరంగా చూసే పాత 498ఏ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ ఉంది. క్రిమినల్ కేసు పెట్టుకునే హక్కు గురించి ఆమెకి చెప్పాల్సిన బాధ్యత గృహహింస చట్టం 5వ సెక్షన్ ప్రకారం పోలీసులకీ ఉంది. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగండి. తలదాచుకున్న చోట కూడా 498ఏ కేసు పెట్టొచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీసుకోకపోతే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపి రసీదు దాచండి. స్టేషన్‌లో చెప్పిన తేదీలు, డీఐఆర్‌లోవి, కోర్టు పిటిషన్‌లోవి ఒకటే ఉండాలి. కాబట్టి డీఐఆర్ కాపీ పట్టుకునే ఫిర్యాదు రాయించండి.

కౌన్సెలింగ్ గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. కేసు పెట్టాలంటే ముందు కౌన్సెలింగ్‌కి రావాలని ఈ చట్టంలో ఎక్కడా లేదు. కోర్టు పంపే కౌన్సెలింగ్‌లో కూడా భర్త తను కొట్టినదాన్ని సమర్థించుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. మళ్లీ హింస చేయనని హామీ రాసివ్వాలి. వాయిదా మీద వాయిదా వేస్తూ ‘సర్దుకుపోండి’ అనేది కౌన్సెలింగ్ కాదు, పెద్దమనుషుల పంచాయితీ. ఆ వాయిదాల మధ్యలోనే చాలామంది దెబ్బలకి గురవుతారు.

కోర్టు, ఆ తర్వాత

లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆమె తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లోని కోర్టులోనే పిటిషన్ వేయొచ్చు. మొదటి విచారణ మామూలుగా 3 రోజుల్లోపు, తీర్పు మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో ఇచ్చే ప్రయత్నం అని గృహహింస చట్టం అంటుంది. ఆచరణలో ఇంతకంటే చాలా ఆలస్యమవుతుంది. అందుకే మొదటి రోజే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఆర్డరు (తీర్పు వచ్చేలోపు తాత్కాలికంగా ఇచ్చేది) అడగాలి, ఫారం 3 అఫిడవిట్ జతచేయాలి.

నోటీసు అందించే బాధ్యత రక్షణాధికారిది. ‘ఇంట్లో లేరు’ అని నోటీసు తిరిగొస్తూ ఉంటే కేసు అక్కడే కూరుకుపోతుంది. భర్త పనిచేసే చోటు, షిఫ్టు వేళలు, ఫోన్ నంబరు, ఇంటి గుర్తులు ముందే రాసివ్వండి. కంపెనీ పేరుంటే ఇంకో లాభం: మనోవర్తి ఎగ్గొడితే జీతం నుంచి కోసి నేరుగా ఆమెకిమ్మని యజమానిని కోర్టు ఆదేశించవచ్చు. భర్త విదేశంలో ఉన్నా ఆమె ఇక్కడ ఉంటే ఇక్కడే వేయొచ్చు.

ఆర్డరు కాపీ ఆమెకి, స్టేషన్‌కి ఉచితంగా ఇవ్వాలి. కోర్టు పంపుతుందిలే అని ఊరుకోకుండా ఒక కాపీ మీరే స్టేషన్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఇంట్లోకి తిరిగి వెళ్లడానికో, స్త్రీధనం తెచ్చుకోవడానికో అయితే పోలీసులు సాయం చేయాలన్న వాక్యం ఆర్డరులోనే ఉండేలా లాయరుతో అడిగించండి. బంగారం, బీరువా, సర్టిఫికెట్లు, పిల్లల పుస్తకాలు అన్నీ జాబితా రాసుకుని, రక్షణాధికారి సమక్షంలో ఒక్కోటీ టిక్కు పెట్టుకుంటూ తీసుకోండి.

రక్షణ ఆర్డరును భర్త ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. అది బెయిలు హక్కుగా దొరకని నేరం. ఆ రోజు స్టేషన్ ఆఫీసరు మొదట అడిగేది ముద్ర ఉన్న ఆ కాపీయే. కోర్టు చెప్పిన పని కారణం లేకుండా చేయని రక్షణాధికారికి కూడా 33వ సెక్షన్ కింద అంతే శిక్ష ఉంది, కాకపోతే ప్రభుత్వ అనుమతి కావాలి. అంతదాకా పోకముందే, ఏ ఆఫీసులో ఎన్ని రోజులు ఆగిందో తేదీలతో ఒక పేజీ రాసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి. సఖి కేంద్రం నిర్వహణ కమిటీకి అధ్యక్షులు కలెక్టరే. రక్షణ ఆర్డరు రద్దు చేయమని ఆమె తనంతట తాను కోరేదాకా అమల్లోనే ఉంటుంది కాబట్టి, రాజీ కుదిరిందని ఎవరు చెప్పినా ఆ కాపీని వాళ్ల చేతికివ్వకండి.