కార్తీకంలో కోనసీమ తిరిగే ముందు

ముందు వాన కబురు చూసుకోండి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే లంకల వైపు వెళ్లకపోవడమే మంచిది.

రావులపాలెంలో అరటి గెల కొంటే కాయ పక్కలు తడిమి చూడండి. పలకలు తేలి ఉంటే ఇంకా ముదరలేదు, గుండ్రంగా నిండితే ముదిరినట్టు. పండిన గెల మాత్రం వద్దు, ఇంటికి చేరేలోపు డిక్కీలోనే చితుకుతుంది. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా అన్నిటికన్నా పైన ఉండాలి.

దిండిలో పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ బకిల్ గట్టిగా లాగండి. ఒకసారి మాకిచ్చినది చేతిలోకే ఊడొచ్చింది, మార్చాకే ఎక్కాం. ఈత వచ్చినా వేసుకోవాల్సిందే.

వనభోజనాలకి ఉసిరి చెట్టు వెతుక్కోండి. నీడ బాగుందని కొబ్బరి చెట్టు కింద చాప పరిచేరు, పైన ముదురు గెలలుంటాయి!