అడ్వెంచర్ గేమ్‌లో క్లిక్కూ టైపింగూ: రెండింటినీ ఒకే ఆదేశంగా కలపడం

ఆటలో క్లిక్కు, టైపింగు రెండు పద్ధతులూ పెట్టాలనుకున్నవాళ్లు చాలామంది క్లిక్కుకు ఒక కోడ్, టైపింగ్‌కు ఇంకో కోడ్ రాస్తారు. చెడేది అక్కడే. నొక్కితే తెరుచుకున్న తలుపు టైపు చేస్తే కదలదు. ఒకచోట దిద్దిన బగ్ రెండోచోట అలాగే ఉంటుంది. ఎటునుంచి వచ్చినా ముందు మూడు గళ్ల ఆదేశంగా మార్చండి: పని, వస్తువు, సాధనం. ఆట చూడాల్సింది ఆ మూడింటినే.

కథ గండికోటలో నడుస్తోందనుకోండి. ధాన్యాగారం తలుపు ముందు ఆటగాడు నిలబడ్డాడు, సంచిలో తాళంచెవి ఉంది. 'తెరువు' బటన్, తాళంచెవి, తలుపు వరుసగా నొక్కితే మూడు గళ్లూ నిండాలి. 'బీగంచెవితో వాకిలి తీయి' అని టైపు చేసినా అవే నిండాలి. మన సీమలో ఆడేవాళ్లు బీగం, వాకిలి అనే రాస్తారు కాబట్టి పర్యాయపదాల పట్టికలో అవి మొదటిరోజే ఉండాలి. నొక్కిన మాటలు టైపింగ్ పెట్టెలో వాక్యంగా కనబడనివ్వండి. ఏం రాస్తే ఆటకు అర్థమవుతుందో అడగకుండానే తెలిసిపోతుంది. 1987 నాటి అడ్వెంచర్ గేమ్ మేనియాక్ మాన్షన్‌లో బొమ్మ కింద వాక్యం తయారయ్యేది ఇలాగే.

అసలు పని తెలుగు విభక్తుల దగ్గర ఉంది. ఇంగ్లీషు వాక్యాన్ని విడదీసి అర్థం చేసుకునే పార్సర్‌లా మాటల వరుసను నమ్ముకోవద్దు. 'తలుపు తాళంచెవితో తీయి' అన్నా, ముందువెనకలు మార్చినా అర్థం ఒకటే. సాధనం ఏదో చెప్పేది 'తో'. దాన్ని కత్తిరించి పారేయకుండా, ఆ మాటను మూడో గడిలో వేయండి. ని, ను, కి, కు లాంటివి తీసేసే ముందు మాట మొత్తాన్ని నిఘంటువులో వెతకండి. లేకపోతే 'గని' కాస్తా 'గ' అయిపోతుంది. 'రాయి' రాతితో అని, 'చెయ్యి' చేతితో అని మారతాయి. రాతి, చేతి రూపాలను విడిగా చేర్చడమే సులువు. 'తాళం చెవి' అని విడదీసి రాసేవాళ్ల కోసం పక్కపక్క మాటలను కలిపి కూడా వెతకాలి.

'తీయి' ఒక్కటే మూడు పనులు చేస్తుంది. తలుపు తీయి అంటే తెరవడం, బీగం తీయి అంటే చెవి తిప్పడం, గూట్లో లాంతరు తీయి అంటే చేతిలోకి తీసుకోవడం. అందుకే వస్తువేదో తేలాకే పనిని ఖాయం చేయండి. బటన్ మీద మాత్రం అనుమానం లేని 'తెరువు' రాయండి.

పోల్చే ముందు వాక్యాన్ని యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఒక అక్షరానికి ఒకే కోడ్ వరుస ఉండే రూపంలోకి మార్చండి. ఐత్వం ఒకే కోడ్‌గానూ రావచ్చు, రెండు ముక్కలుగానూ రావచ్చు. కంటికి తేడా కనబడదు, పోలిక మాత్రం తప్పుతుంది. అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌నూ తీసేయండి. బ్రౌజర్ ఆటలో ఎంటర్ కీతో ఇంకో చిక్కు ఉంది: ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఉచ్చారణ కీబోర్డులో సూచించిన మాటను ఎంచుకోవడానికి కొట్టిన ఎంటర్‌కే సగం వాక్యం ఆటకు వెళ్లిపోతుంది. కీ ఈవెంట్‌లో 'ఈజ్ కంపోజింగ్' (మాట ఇంకా కూర్పులోనే ఉందని చెప్పే గుర్తు) నిజమై ఉంటే ఆ ఎంటర్‌ను పట్టించుకోవద్దు.

ఆటగాడు చివరగా నొక్కిన వస్తువును గుర్తుపెట్టుకోండి. రెండు జాడీలున్న గదిలో ఒకదాన్ని నొక్కి 'దీన్ని పగలగొట్టు' అని రాస్తే 'ఏ జాడీ?' అని అడిగే అవసరం ఉండదు. గది మారగానే, వస్తువు కనుమరుగవగానే ఆ గుర్తు చెరిపేయాలి. బొమ్మ మీద నొక్కాక కర్సర్‌ను మళ్లీ టైపింగ్ పెట్టెలోకి తేవడం మరచిపోతే తర్వాత కొట్టిన అక్షరాలన్నీ గాల్లో కలుస్తాయి.

టైపు చేస్తున్నంతసేపు కాలం ఆపేయండి. 1984 నాటి అడ్వెంచర్ గేమ్ కింగ్స్ క్వెస్ట్‌లో రాస్తుండగానే ఆట నడిచేది. 1988లో వచ్చిన నాలుగో భాగంలో పెట్టె తెరుచుకోగానే ఆగిపోయేది. రెండోదే మేలు, తెలుగు టైపింగ్‌కు సమయం పడుతుంది కదా.

బటన్లు నాలుగైదు చాలు: చూడు, తీసుకో, తెరువు, వాడు, మాట్లాడు. నడకంతా మౌసుకే వదలండి. రహస్య పదాలు, పాత్రలను అడిగే ప్రశ్నలు టైపింగ్‌కు ఉంచండి, జవాబు తెరమీద కనబడుతుంటే ఆలోచించేదేముంటుంది?

'అర్థం కాలేదు' అనే ఒక్క జవాబుతో సరిపెట్టొద్దు. మాట తెలియకపోతే ఆ మాటనే చూపించండి. వస్తువు అక్కడ లేకపోతే లేదని, పని కుదరకపోతే ఎందుకు కుదరదో చెప్పండి. తెలియని మాటలన్నీ ఒక ఫైల్లో పడేలా చేసి, ఆట గురించి ఏమీ చెప్పకుండా నలుగురితో ఆడించండి. పర్యాయపదాల పట్టికకు సగం సరుకు ఆ ఫైల్లోనే దొరుకుతుంది.