ప్రైవేట్ కీ పోకుండా బ్యాకప్ తీసుకోవడం ఎలా?

ఖాతా పాస్‌వర్డ్ మరచిపోతే కొత్తది ఇచ్చేందుకు ఏదో ఒక సంస్థ ఉంటుంది గానీ, ఫైళ్లను ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే గ్నూపీజీ ప్రోగ్రామ్‌లో వాటిని తెరిచే రహస్య కీ, అంటే ప్రైవేట్ కీ పోతే దాన్ని తిరిగి ఇవ్వగలవారు ఎవరూ లేరు. దానితో తెరవాల్సిన ఫైళ్లన్నీ శాశ్వతంగా మూసుకుపోయినట్టే. దొంగతనానికి భయపడి ఒక్క ప్రతినే దాచుకునేవారు ఈ సంగతిని ముందుగా ఆలోచించాలి.

మొదట ఇంటర్నెట్ కనెక్షన్ తీసివేసి, ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో గ్నూపీజీ ఎక్స్‌పోర్ట్ సీక్రెట్ కీస్ (--export-secret-keys) అనే ఆదేశానికి ఆర్మర్ (--armor) ఆప్షన్ జతచేసి, కీని టెక్స్ట్ ఫైలుగా నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. కీకి పాస్‌ఫ్రేజ్ (పొడవైన పాస్‌వర్డ్) ఉంటే ఆ ఫైలుకూ అదే రక్షణ ఉంటుంది కనుక, పాస్‌ఫ్రేజ్ బలహీనమైనదైతే ముందే మార్చుకోండి. చిప్‌లో కీని దాచే స్మార్ట్‌కార్డులోకి చేర్చిన కీని మళ్లీ బయటకు తీయలేము. అందుకే బ్యాకప్ అంతకు ముందే పూర్తి కావాలి.

రివొకేషన్ సర్టిఫికెట్‌ను కూడా భద్రపరచండి. కీ పరుల చేతికి చిక్కినప్పుడు అది ఇక చెల్లదని ప్రకటించేది ఇదే. గ్నూపీజీ 2.1 నుంచి కీతో పాటే ఇది దానంతటదే తయారవుతుంది. దీనికి పాస్‌ఫ్రేజ్ రక్షణ లేదు కాబట్టి విడిగా ఉంచాలి.

ఒకే పెన్‌డ్రైవ్‌ను నమ్మడం ప్రమాదం. విద్యుత్తు అందకుండా ఏళ్ల తరబడి పక్కన పడి ఉన్న ఫ్లాష్ మెమరీలో డేటా క్రమంగా చెడిపోవచ్చు. రెండు పెన్‌డ్రైవ్‌లతో పాటు కాగితంపైనా ఒక ప్రతి ఉండాలని నా గట్టి అభిప్రాయం. పేపర్‌కీ అనే ప్రోగ్రామ్ రహస్య భాగాన్ని మాత్రమే ముద్రణకు అనువుగా విడదీసి ఇస్తుంది. దాని నుంచి కీని పునరుద్ధరించడానికి దాని జతగా అందరికీ ఇచ్చే పబ్లిక్ కీ కూడా అవసరం కనుక దాన్నీ దాచండి. కేబుల్‌తో కలిపిన ప్రింటర్‌నే వాడండి. థర్మల్ కాగితం వద్దు, అక్షరాలు వెలిసిపోతాయి. ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీస్తే అది మీకు తెలియకుండానే క్లౌడ్‌కు చేరవచ్చు.

ఈ ప్రతులను కనీసం రెండు వేర్వేరు భవనాల్లో ఉంచండి. పాస్‌ఫ్రేజ్‌ను వాటి పక్కనే రాసిపెట్టవద్దు. అది మీ జ్ఞాపకంలో మాత్రమే ఉండటం సరికాదనిపిస్తే, గూఢలిపి శాస్త్రవేత్త ఆది షమీర్ 1979లో ప్రతిపాదించిన పద్ధతిలో దాన్ని 5 భాగాలు చేసి, ఏ 3 కలిసినా తెరుచుకునేలా నమ్మకస్తులకు పంచవచ్చు.

చాలామంది వదిలేసేదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ పరీక్ష. కీ లేని మరో కంప్యూటర్‌లో, వీలైతే ఇంటర్నెట్ లేకుండా, బ్యాకప్ నుంచి కీని ఇంపోర్ట్ చేసి ఒక పాత ఫైలును తెరిచి చూడండి. పని ముగిశాక కీని అక్కడి నుంచి తొలగించండి. ఏటా ఒకసారి ఇలా చూడాలి, ప్రధాన కీకి అనుబంధంగా ఉండే కొత్త సబ్‌కీ చేర్చినప్పుడల్లా బ్యాకప్ మళ్లీ తీయాలి. గడువు తీరిన కీలను మాత్రం పారేయకండి, పాత ఫైళ్లు వాటితోనే తెరుచుకుంటాయి.