వైన్, వంట – 4వ పాఠం: వెర్దిక్కియో పక్కన ఏం పెట్టాలి?

పోయిన పాఠంలో వాసన చూడటం నేర్చుకున్నాం. ఈసారి ఒకే ఒక్క వైట్ వైన్ తీసుకుని, దానికి ఏ వంట కుదురుతుందో మన నాలుకతోనే తేల్చుకుందాం.

వైన్ పేరు వెర్దిక్కియో. ఇటలీ తూర్పు తీరాన, ఏడ్రియాటిక్ సముద్రాన్ని ఆనుకుని ఉన్న మార్కె ప్రాంతానిది. ద్రాక్ష పేరే వైన్‌కూ పెట్టారు. ఇటాలియన్‌లో 'వెర్దె' అంటే ఆకుపచ్చ. గ్లాసులో పోసి వెలుతురుకి పట్టండి, లేత పసుపులో ఆ పచ్చని ఛాయ తెలుస్తుంది. సీసా మీద యేజి అనో, మతేలికా అనో ఊరి పేరు ఉంటుంది. యేజి చుట్టుపక్కల కొండలకు సముద్రపు గాలి తగులుతుంది. మతేలికా లోయకు కొండలు అడ్డం, రాత్రిళ్లు బాగా చల్లబడతాయి, అందుకే ఆ వైన్‌లో పులుపు ఇంకాస్త పదునుగా ఉంటుంది. మొదటిసారి కొనేవాళ్లు యేజిది తీసుకోండి.

ఇక అభ్యాసం. సీసాని ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బయట ఉంచండి. 10 నుంచి 12 డిగ్రీలు సరిపోతుంది. నేను మొదట్లో మంచులా చల్లబరిచి తాగేవాణ్ని, నీళ్లలా అనిపించేది. నా మొదటి రెండు సీసాలూ అలాగే వృథా అయ్యాయి.

చిన్న గుటక తీసుకుని నోట్లో తిప్పండి. నాలుక అంచుల్లో నీరూరుతోందా? అది పులుపు. మింగాక తొందరపడకుండా మనసులో పది లెక్కపెట్టండి. బాదం పప్పుని తొక్కతో సహా నమిలితే చివర్లో మిగిలే చిరుచేదు ఉంటుంది చూడండి, అదే వస్తుంది. వెర్దిక్కియోని గుర్తుపట్టడానికి నేను నమ్ముకునేది ఆ చేదునే.

ఇప్పుడు నిమ్మచెక్క మీద ఉప్పు చల్లి, కొంచెం నాకి, మళ్లీ తాగండి. వైన్ పులుపు తగ్గి, పండు రుచి ముందుకొస్తుంది. నోరు కడుక్కుని చిటికెడు పంచదార వేసుకుని తాగండి. అదే వైన్ పుల్లగా, గరుకుగా మారిపోతుంది. వైన్ మారలేదు, నోరు మారింది. పులుపు, ఉప్పు ఉన్న వంట ఈ వైన్‌ని మెత్తబరుస్తుంది, తీపి దాన్ని చెడగొడుతుంది.

మార్కె వాళ్ల వంటల్లో ఇది సూటిగా కనిపిస్తుంది. అంకోనా రేవులో బ్రొదెత్తో అనే చేపల కూర చేస్తారు. సంప్రదాయం ప్రకారం 13 రకాల చేపలు, టమాటా, వెనిగర్ పడాలి. పక్కన కాల్చిన రొట్టె. పులుపు తక్కువున్న వైన్ ఈ కూర ముందు చప్పబడిపోతుంది. వెర్దిక్కియో నిలబడుతుంది. అదే ప్రాంతంలోని అస్కోలీ ఊళ్లో లావుపాటి ఆకుపచ్చ ఆలివ్‌ల గింజ తీసి, మాంసం కూరి, రొట్టెపొడి అద్ది నూనెలో వేయిస్తారు. వేడివేడిగా ఒకటి కొరికితే పెదాలకి నూనె అంటుకుంటుంది. అప్పుడొక గుటక తాగితే పులుపు ఆ జిడ్డుని కోసేస్తుంది, చివరి చేదు ఆలివ్ చేదుతో కలిసిపోతుంది. నాకు ఈ జోడీ కన్నా ఇష్టమైనది లేదు.

మరి మన చేపల పులుసుతో? చింతపండు పులుపు వరకు బాగానే ఉంటుంది, కానీ కారం దగ్గర తేడా వస్తుంది. ఆల్కహాల్ కారం మంటని పెంచుతుంది. అందుకే పులుసుతో వద్దంటాను. కారం బాగా తగ్గించి, ఉప్పు, మిరియాలు, నిమ్మరసంతో వేయించిన రొయ్యలతో తాగి చూడండి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. సగం గ్లాసు వైన్ పక్కన నిమ్మకాయ పిండిన కీరా ముక్కలు, వేయించిన జీడిపప్పు, ఒక అరటిపండు పెట్టుకోండి. ఒక్కోటి తిన్నాక ఒక గుటక తాగి, పులుపు పెరిగిందా తగ్గిందా అన్నది మాత్రం రాసుకోండి. ఆ కాగితంతోనే 5వ పాఠం మొదలుపెడదాం.