చలి వెళ్లిపోతున్న జాడలు: ముందు ఒక కొమ్మకు దారం కట్టండి

చలికాలం ముగుస్తోందని తెలుసుకోవడానికి అడవులకు వెళ్లనక్కర్లేదు. ఆకు రాల్చిన చెట్టు ఒకటి చూసుకుని, కంటికి అందే ఎత్తులో ఉన్న ఒక్క కొమ్మకు రంగు దారం వదులుగా కట్టండి. మొదటి ఏడాది నేను దారం కట్టలేదు. నాలుగో రోజుకే ఏ కొమ్మను చూస్తున్నానో తెలియక ఆ పనే మానేశాను.

ఇప్పుడు మొగ్గను చూడండి. అది ఈ వారం పుట్టింది కాదు. చాలా చెట్లు కిందటి వేసవిలోనే మొగ్గలు తయారుచేసుకుని, పొలుసుల కింద దాచి చలికాలం గడుపుతాయి. మొగ్గ కిందే నిరుటి ఆకు ఊడిన మచ్చ ఉంటుంది. భూతద్దం పెడితే అందులో చిన్న చుక్కలు కనిపిస్తాయి. ఆకుకు నీరు మోసిన నాళాలు తెగిన చోట్లు అవి. నా కొమ్మ మీద ఒక్కో మచ్చలో మూడేసి ఉన్నాయి. వాటిని మొదటిసారి లెక్కపెట్టిన రోజు ఎంతసేపు నిలబడిపోయానో నాకే తెలియదు.

రోజూ ఒకే వేళకు వెళ్లండి. చాలా రోజులు ఏ మార్పూ కనిపించదు. ఆ తర్వాత ఒక ఉదయం పొలుసుల మధ్య వెంట్రుకవాసి సందు, అందులో లేత రంగు గీత కనిపిస్తాయి. గోటితో విప్పి చూడాలనిపిస్తుంది. దయచేసి ముట్టుకోకండి, లోపల మడతపడి ఉన్న ఆకు ఇంకా చలికి ఓర్చుకోలేదు.

సాయంత్రం ఒకే కిటికీ దగ్గర నిలబడి, సూర్యుడు ఎక్కడ కుంగుతున్నాడో వారానికోసారి గుర్తు పెట్టుకోండి. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21 దాటాక ఆ చోటు ఉత్తరానికి జరగడం మొదలవుతుంది. మొదట్లో కదలనట్టే ఉంటుంది, మార్చి దగ్గరపడేకొద్దీ జోరందుకుంటుంది.

తెల్లవారుజామున చెవి కూడా పెట్టండి. పగలు పెరగడాన్ని బట్టి చాలా పక్షులు చలి తగ్గకముందే పాట అందుకుంటాయి. పొడిపొడి కూతలు పోయి, ఒకే పిట్ట ఒకే కొమ్మ మీంచి చాలాసేపు పాడుతోందంటే అది జత కోసమో, తన చోటు చాటుకోవడానికో అయ్యుంటుంది.

చూసినది తేదీతో ఒక వాక్యం రాయండి. ‘ఈ రోజు ఏమీ లేదు’ అనైనా సరే. ఇంగ్లండులో రాబర్ట్ మార్షమ్ అనే ప్రకృతి పరిశీలకుడు 1736లో మొదలుపెట్టిన ఇలాంటి లెక్కను ఆయన వంశస్థులు 1958 వరకు కొనసాగించారు. మీకు రెండు మూడేళ్లు చాలు, పేజీలు పక్కపక్కన పెట్టుకుని చూడవచ్చు.

దారం ముడిని మాత్రం ఏటా విప్పి మళ్లీ వదులుగా కట్టండి. కొమ్మ లావెక్కుతుంది.