మోసెల్ ఒడ్డున ద్రాక్షతోటల మధ్య గుంపుగా సైకిల్ యాత్ర ఎలా చేయాలి?

యూరప్‌లో ద్రాక్షతోటల మధ్య సైకిల్ తొక్కాలని ఉంది, కొండలెక్కే ఊపిరి మాత్రం లేదు అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే దారి: జర్మనీలో ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా మోసెల్ నది ఒడ్డు. తోటలన్నీ నిట్టనిలువు కొండల మీద ఉంటాయి, సైకిల్ దారి మాత్రం కింద నీళ్ల పక్కనే, దాదాపు అంతా చదునుగా సాగుతుంది. నేరుగా కొలిస్తే ఈ రెండు ఊళ్ల మధ్య సుమారు వంద కిలోమీటర్లే. నది పాములా మెలికలు తిరుగుతుంది కాబట్టి మనం తొక్కేది రెండొందలకు దగ్గర. దారితో ఇబ్బంది లేదు, ఇబ్బందంతా గుంపుతోనే.

అందుకే ముందు మనుషుల సంగతి తేల్చుకోండి. ఆరుగురో ఎనిమిది మందో చాలు. అంతకు మించితే చిన్న ఊళ్లలో ఒకేచోట గదులు దొరకడం కష్టం, రైల్లో సైకిళ్లన్నీ పట్టవు. మా గుంపులో ఇద్దరు ప్రతి ఆదివారం గండిపేట దాకా తొక్కేవాళ్లు, ఒకాయనేమో కాలేజీ తర్వాత మళ్లీ సైకిల్ ముట్టుకోలేదు, దాంతో మొదటిరోజు మధ్యాహ్నానికే ఒకరితో ఒకరికి మాటలు తగ్గిపోయాయి. మర్నాడు ఆయనకు బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకున్నాం, ఇక చూడాలి, అందరికంటే ముందు ఆయనే. గంటకు 25 కిలోమీటర్లు దాటితే ఆ మోటార్ సాయం ఆగిపోతుంది లెండి, భయం లేదు. బ్యాటరీ సైకిల్ నామోషీ కాదని బయల్దేరకముందే అందరికీ చెప్పి ఉంచండి.

తర్వాత తేదీలు. మే నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా బాగుంటుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ద్రాక్ష కోతలు, చూడటానికి అదే అసలు సీజన్, గదులకు గిరాకీ కూడా అప్పుడే. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు షెంజెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి.

ఇప్పుడు రోజుల లెక్క. నాలుగు రోజులు తొక్కడానికి, ఒకరోజు ఊరికే ఉండటానికి పెట్టుకోండి. ట్రియర్‌లో రోమన్ల నాటి నల్లటి కోటద్వారం పోర్టా నీగ్రా చూసుకుని బయల్దేరితే మొదటి రాత్రి నోయ్‌మాగెన్. ద్రాక్షసారా పీపాలు మోసే పడవను రోమన్లు రాతిలో చెక్కిన శిల్పం దొరికింది ఇక్కడే (అసలుది ట్రియర్ మ్యూజియంలో ఉంది). అక్కడి నుంచి బెర్న్‌కాస్టెల్ మీదుగా ట్రాబెన్-ట్రార్బాఖ్, ఆ తర్వాత కోహెమ్, చివరికి మోసెల్ వెళ్లి రైన్‌లో కలిసే కోబ్లెంజ్. రోజుకు నలభై, యాభై కిలోమీటర్లంటే తక్కువే అనిపిస్తుంది కానీ, బ్రెమ్ దగ్గర నది మెలిక తిరిగేచోట కాల్‌మోంట్ కొండ కనిపించాక మీరు గంటసేపు కదలరు. యూరప్‌లోకెల్లా నిటారైన తోటల్లో అదొకటి. నేలంతా మన మార్కాపురం పలకల్లాంటి రాయి. పగలు ఎండను పీల్చుకుని రాత్రి తీగలకు వెచ్చదనం ఇస్తుంది, ఇంత చలి దేశంలో రీస్లింగ్ ద్రాక్ష పండటానికి అదొక కారణం.

తొక్కేటప్పుడు మొదటి గండం: అక్కడ కుడివైపు వెళ్లాలి. మన చెయ్యి అలవాటుగా ఎడమకే లాగుతుంది, ముఖ్యంగా పొద్దున్నే, ఖాళీ రోడ్డు మీద. దారి తెలిసినవారు ముందు, పంక్చర్ వేయడం వచ్చినవారు వెనక ఉండాలి. మలుపు దగ్గర ప్రతి ఒక్కరూ తన వెనకవాళ్లు కనిపించేదాకా ఆగాలి. ఈ ఒక్క నియమం పెట్టుకున్నాక మాకు ఫోన్లు చేసుకోవాల్సిన పనే పడలేదు. మెత్త ఉన్న సైకిల్ నిక్కర్లు కొనండి, లోపల ఇంకేమీ వేసుకోకండి. మొహమాటపడి వేసుకున్నవాళ్లకు రెండోరోజు ఒరుసుకుపోయి తెలుస్తుంది.

ఇక తాగుడు సంగతి. రక్తంలో ఆల్కహాల్ వెయ్యికి 1.6 పాళ్లు చేరితే అక్కడ సైకిల్ తొక్కడమూ నేరమే, ప్రమాదం చేస్తే 0.3 కూడా చిక్కే. కాబట్టి పగలు ద్రాక్షరసం (చాలాచోట్ల దొరుకుతుంది, భలే ఉంటుంది), సైకిళ్లకు తాళం వేశాక వైన్. సాయంత్రం గుమ్మానికి చీపురో కొమ్మల కట్టో వేలాడుతున్న ఇల్లు కనిపిస్తే లోపలికి వెళ్లండి. తోట యజమానులు తమ సొంత వైన్‌ను ఏడాదిలో నాలుగు నెలలు మించకుండా, నలభై కుర్చీలు మించకుండా అమ్ముకునే చోటు అది. సీసా మీద ట్రోకెన్ అంటే తీపి లేనిది, లీబ్లిష్ అంటే తియ్యనిది. మనవాళ్లు ఎక్కువమంది మొదట రెండోదానికే ఓటేస్తారు. శాకాహారులు ఉంటే ముందే చెప్పండి, లేకపోతే బంగాళాదుంపలే గతి. చిన్న ఆవకాయ సీసా పెట్టుకెళ్లినా తప్పులేదు. షాపులు ఆదివారం మూసేస్తారు, శనివారమే సరుకులు కొనాలి.

కోతల కాలంలో ఫెడర్‌వైసర్ అని ఇంకా పులుస్తూనే ఉండే కొత్త వైన్ దొరుకుతుంది, మన కల్లులాగే పొద్దుటికీ సాయంత్రానికీ రుచి మారిపోతుంది. గ్యాస్ పోవాలి కాబట్టి మూత వదులుగా ఉంటుంది. ఈ సంగతి తెలియక మా వాడొకడు దాన్ని సైకిల్ సంచిలో పడుకోబెట్టాడు, అతని బట్టలు కోబ్లెంజ్ దాకా వాసనే.

తిరుగు దారికి కోబ్లెంజ్ నుంచి ట్రియర్‌కు ప్రాంతీయ రైలు ఉంది, అద్దె సైకిళ్లు ట్రియర్‌లోనే అప్పగించొచ్చు. ఎనిమిది సైకిళ్లు ఒకే రైల్లో ఎక్కనివ్వకపోవచ్చు, నలుగురు నలుగురుగా విడిపోండి. సీసాలు సాక్సుల్లో చుట్టి పెద్ద సూట్‌కేస్‌లో పెట్టండి. ఇండియాలోకి డ్యూటీ లేకుండా మనిషికి రెండు లీటర్లే, అంటే ముప్పావు లీటరు సీసాలు రెండు. మూడోది రైల్లోనే ఖాళీ చేయాలి.